ఊఫర్ మీద అరచెయ్యి

మా ముందుగది ఇటు పది అడుగులు, అటు పది అడుగులు. అందులో ఒక మంచం, ఒక బీరువా, టీవీ స్టాండు, నా కుట్టుమిషను, ఒక ప్లాస్టిక్ కుర్చీ. మిగిలిన జాగాలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు తిరిగి దారి ఇవ్వాల్సిందే. ఇల్లందులో బొగ్గు బాయి పనివాళ్ళ పాత క్వార్టర్లు చాలావరకు ఇంతే, అందుకు ఎవరినీ తప్పు పట్టేది లేదు. కానీ అలాంటి గదిలోకి, దసరా బోనసు రాగానే, మా ఆయన ఎబినేజర్ ఖమ్మం నుంచి హోమ్ థియేటర్ మోసుకొచ్చాడు. ఐదు చిన్న స్పీకర్లు, ఒక పెద్ద చెక్కపెట్టె. ఆ పెట్టెను ఊఫర్ అంటారట.

చిన్న స్పీకర్లతో నాకు పేచీ లేదు. గోడలకు వేలాడుతూ వాటి పాట అవి పాడుకుంటాయి. ఈ పెట్టె అలా కాదు. ఇది పాడదు, గుద్దుతుంది. మొదటి రోజు దాన్ని బీరువా పక్క మూలలోకి తోసి, సీడీ పెట్టి, మా ఆయన గది మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తబలా మొదలైందో లేదో పైన రేకులు జర్రుమన్నాయి. వంటింటి అలమరలో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి తోసుకుంటూ అంచుకు వచ్చాయి. గోడవారగా మిషను దగ్గర కూర్చున్న నాకు పాటలో ఒక్క మాట అర్థమైతే ఒట్టు. దుబ్, దుబ్ మంటూ నేలలోంచి మిషను కాళ్ళకు, అక్కణ్ణుంచి నా మోకాళ్ళకు, నడుముకు ఎక్కింది.

"ఏమయ్యా, జర తగ్గియ్యి. గుండెకాయ ఊగుతున్నది నాకు."

"ఏడున్నదే సప్పుడు? నాకు గింతంతనే వస్తున్నది," అన్నాడు. అని, మీట ఇంకొంచెం తిప్పాడు.

ఆ రోజుతో మా ఇంట్లో నెమ్మది పోయింది. మొదటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, అన్నం తిన్నాక ఒకప్పుడు కాసేపు నడుము వాల్చేవాడు. ఇప్పుడు చెయ్యి కడుక్కుని నేరుగా ఆ పెట్టె దగ్గరికే. పోనీ పాటంతా వింటాడా? వినడు. ఒకే సీడీ, ఒకే పాట, దాంట్లోనూ మొదటి ముక్క. అది వేసి, ఆపి, మళ్ళీ మొదటి నుంచి వేస్తాడు. మధ్యమధ్యలో లేచి పోయి, కొత్తగా కొన్న ఎద్దు వీపు నిమిరినట్టు ఆ పెట్టె మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంటాడు. నాకు మాత్రం ఒకచోట కూర్చోబుద్ధి కాకుండా పోయింది. క్రిస్మస్ దగ్గర పడుతోంది, చేతినిండా జాకెట్లు ఉన్నాయి. నాలుగు కుట్లు వేయగానే లేచి వంటింట్లోకి పోతాను, అక్కడ గ్లాసులు మోగుతుంటాయి. వాకిట్లోకి పోతాను, తలుపు రెక్క వణుకుతుంటుంది. పాట ఆపినా నా ఒంట్లో ఆ దుబ్ దుబ్ ఆగేది కాదు. చర్చిలో ప్రార్థనకు కళ్ళు మూసుకున్నా అదే.

మాకూ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. అవతల మంగీలాల్, వాడి భార్య చాంది, వాళ్ళ పిల్లగాడు ఉంటారు. లంబాడీ పిల్ల, మాటకారి. ఒకరోజు పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, మీ గోడకు దయ్యం గిట్ల పట్టిందా ఏంది? మా మేక గోడ పక్కన పండుకుంటలేదు. నిన్న తాడు తెంపుకొని సందులకు ఉరికింది."

"దయ్యం కాదే, మీ అన్న తెచ్చిన సవతి," అన్నాను.

చాంది కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నేనూ నవ్వాను గానీ మధ్యాహ్నానికి ఆ నవ్వు ఇంకిపోయింది. ఆ పూట గట్టిగానే దెబ్బలాడుకున్నాం.

"ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని పెద్దోళ్ళు ఊకెనే అన్నరా?" అన్నాడు ఆయన.

"ఇల్లు ఇరకటమని తెల్సి ఏనుగును తోలుకొచ్చినోన్ని ఏమంటరో అది గూడ చెప్పు."

"ఆఁ?"

ఈ "ఆఁ?" ఒకటి పట్టుకొచ్చాడు ఏడాదిగా. ఏది చెప్పినా మొదటిసారి "ఆఁ?" అంటాడు, రెండోసారి చెబితే తల ఊపుతాడు, మూడోసారి చెబితే ఎందుకే అరుస్తున్నవ్ అంటాడు. మా వాడలో ఆడవాళ్ళం ట్యాంకు దగ్గర నీళ్ళు పట్టుకుంటూ చెప్పుకునే మాటే ఇది. పెళ్ళై పదేళ్ళు దాటితే మొగుళ్ళందరికీ పెళ్ళాం గొంతు వరకే చెవులు మూసుకుపోతాయి, అదొక వరం వాళ్ళకు. మా ఆయనకూ ఆ వరం దొరికిందనుకున్నాను. చర్చిలో పాటకు అందరికంటే అర నిమిషం వెనక పడుతుంటే కూడా, షిఫ్టు అలసట అనుకున్నాను.

అలసట ఉండదా మరి. బాయిలో ఆయనది పైకప్పు చూసే పని. లోపల మందు పెట్టి బొగ్గు పేల్చాక, ఆ పొగ తగ్గగానే అందరికంటే ముందు ఆయన పోతాడు. తల మీది రాయిని గడ్డపారతో కొట్టి చూస్తాడు. రాయి గట్టిదైతే ఖంగుమంటుంది. లోపల పగులు ఉంటే గుల్లగా, బొదబొదగా పలుకుతుంది. గుల్లదైతే ఆ రాయిని పడగొట్టించడమో, కింద దుంగలు నిలబెట్టించడమో చేస్తాడు. గట్టిదైతే "సాఫ్, రండ్రి లోపలికి" అని కేక వేస్తాడు. ఆ కేక వినపడ్డాకే మంగీలాల్ జట్టు లోపలికి పోయి బొగ్గు ఎత్తుతుంది. పద్దెనిమిదేళ్ళుగా ఆయన సాఫ్ అన్న చోట ఒక పెంకు కూడా ఊడి పడలేదని వాడలో చెప్పుకుంటారు. నేనెంత నోరున్నదాన్నైనా ఈ ఒక్క విషయంలో ఆయనంటే నాకు గర్వం. అందుకే ఊఫర్‌ను బయట పారెయ్యలేదు. దాన్నే దారికి తెద్దామనుకున్నాను.

మంగీలాల్ సెల్ తీసుకుని ఖమ్మంలో అమ్మిన షాపాయనకు ఫోన్ చేశాను. ఆయన సత్తుపల్లి వైపు మనిషి, మాట మెత్తన.

"మూలలో పెట్టారా అమ్మా? మూలలో పెడితే రెండింతలు గుద్దుద్దండి. గోడకు జరిపి పెట్టండి. కింద ఏదన్నా మెత్తగా వెయ్యండి."

గోడకు జరిపాం. కింద పాత బొంత నాలుగు మడతలు వేశాం. మిషను కాళ్ళలోకి ఎక్కేది కొంచెం తగ్గింది గానీ చెవుల్లోకి వచ్చేది తగ్గలేదు. మంచం కిందికి తోస్తే మంచమే మోగింది. బీరువా వెనక పెడితే లోపల హ్యాంగర్లు నాట్యమాడాయి. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఆయన కుర్చీలో కూర్చుని పాట పెట్టుకుంటే, నేను చీపురు పట్టుకుని ఊడుస్తూ గదంతా తిరిగాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. మూలలకు పోతే గుద్దుడు. గోడవారగా పోతే గుద్దుడు. గది నడిమధ్యకు వస్తే ఏమీ లేదు. నమ్మలేక రెండడుగులు వెనక్కి వేశాను, మళ్ళీ వచ్చింది. ముందుకు వేశాను, పోయింది.

"లే, లే జర. నువ్వు నా మిషను కాడ కూసో, నేను నీ కుర్సీల కూసుంట."

మార్చుకుని కూర్చున్నాం. నిజమే. ఆయన కుర్చీలో నాకు తబలా పక్క వీధిలో ఎవరో వాయిస్తున్నట్టు సన్నగా వినపడింది. రెండు నెలలుగా ఇదే గదిలో ఇద్దరం రెండు వేర్వేరు పాటలు విని, ఒకరినొకరు అబద్ధాలకోరులని తిట్టుకున్నాం. నవ్వు ఆగలేదు నాకు. చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ చూస్తే, గోడవారన నా పీట మీద కూర్చున్న మనిషి నవ్వట్లేదు. చెయ్యి చాచి మీట ఇంకా పైకి తిప్పుతున్నాడు.

"అరె, గాడ గూడ చాలలేదా నీకు?"

ఆయన మీట తిప్పుతూనే ఉన్నాడు.

"చెవిటోని ముందట శంఖం ఊదినట్టే ఉన్నది నీతోని," అన్నాను.

ఈ మాట మాత్రం ఒక్కసారికే అందినట్టుంది. నా ముఖం వైపే చూస్తున్నాడు అప్పుడు. మీట మీంచి చెయ్యి తీసేసి, పాట ఆపేసి, చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఇంత చిన్న మాటకు అలుగుతారా అని నాకు ఒళ్ళు మండింది. అన్నం పెట్టేటప్పుడు గిన్నెలు కాస్త గట్టిగానే పెట్టాను.

డిసెంబరు రెండో వారంలో మబ్బు పట్టింది. అడవి వైపు నుంచి చల్లగాలి, సన్న జల్లు. మా తమ్ముడు జయరాజ్ ఇల్లందుకు ఐదారు మైళ్ళలో పత్తి వేస్తాడు. వాడి ఇంటి కప్పు విప్పి కొత్త రేకులు వేయిస్తున్నాడు, ఏరిన పత్తి తడిసేట్టుంది. ట్రాలీ ఆటోలో పత్తి కుక్కిన గోనె బోరేలు వేసుకుని చెప్పాపెట్టకుండా మా వాకిట్లో దిగాడు.

"అక్కా, క్రిస్మస్ దాంక ఉంచు. ఎండ రాంగనే తీస్కపోత."

మూలిగే నక్క మీద తాటిపండు పడటమంటే ఇదే. ఎక్కడ పెట్టాలి? మంగీలాల్ సెలవులో ఉన్నాడు ఆ రోజు, వాడూ జయరాజూ కలిసి రెండు మూలల్లో నేల నుంచి రేకుల దాకా బోరేలు పేర్చారు. మిగిలినవి ఊఫర్ వెనక గోడకు ఆనించారు. గది సగమైంది. ఇల్లంతా పత్తి గింజల వాసన. చాంది టీ తెచ్చింది. అందరం ఎక్కడ జాగా దొరికితే అక్కడ కూర్చున్నాం.

"బావ హోమ్ థియేటర్ పెట్టక్కా, ఇందాం," అన్నాడు జయరాజ్.

ఆ గుద్దుడుకు సిద్ధపడి పెట్టాను. గుద్దుడు రాలేదు.

పాట వచ్చింది. ముందు హార్మోనియం, దాని వెనక తబలా. ఏ దెబ్బకు ఆ దెబ్బ తెగిపోయి, శుభ్రంగా. తర్వాత గొంతు. ఆ పాట పాడేది ఆడమనిషి అని నాకు ఆ రోజే తెలిసింది. తప్పిపోయిన గొర్రెపిల్లను వెతుక్కుంటూ పోయే కాపరి పాట అది. మాట మాటా తెలుస్తోంది, మధ్యలో ఆమె ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తోంది. గ్లాసులు మోగలేదు. రేకులు జర్రుమనలేదు. ఆ పత్తి బోరేలు గుద్దుడునంతా తాగేశాయి. రెండు నెలల తర్వాత నా భుజాలు కిందికి దిగాయి. గోడ పక్కనే కూర్చుని, కళ్ళు మూసుకుని విన్నాను. చాంది కూడా మాట్లాడకుండా వింది. చాంది నోరు మూసుకుందంటే అది మామూలు పాట కాదు.

అప్పుడే ఎబినేజర్ షిఫ్టు దిగి వచ్చాడు. బండి పెట్టి, దొడ్లో కాళ్ళు చేతులు కడుక్కుని, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ లోపలికి వచ్చి, మా అందరినీ చూశాడు. బోరేలను చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏంది, అందరు మూగోళ్ళ లెక్క కూసున్నరు? పాట బంద్ జేసిన్రెందుకు? పెట్టుండ్రి."

పాట నడుస్తూనే ఉంది.

జయరాజ్ పకపకా నవ్వాడు. "బావ మస్తు జోకులేస్తడు." చాంది నవ్వింది, మంగీలాల్ నవ్వాడు. మేం నవ్వుతుండటం చూసి, ఒక క్షణం ఆగి, ఎబినేజర్ కూడా నవ్వాడు. ఆ ఆగడం నేను చూశాను. ఆయన నవ్వుతూనే వంగి పెట్టె మీది ఎర్రలైటు చూశాడు. వెలుగుతోంది. అరచెయ్యి పెట్టె మీద ఆనించాడు. నవ్వు ముఖం మీదే ఎండిపోయింది.

"ఆఁ... నడుస్తున్నదే. సన్నగ పెట్టిన్రు," అన్నాడు.

సన్నగా పెట్టలేదు. ఆమె గొంతు గది దాటి వాకిట్లోకి వినపడుతోంది.

మాలో ముందు నవ్వు ఆపింది మంగీలాల్. టీ గ్లాసు కింద పెట్టాడు. ఎబినేజర్ వాడికి వీపు చేసి పెట్టె దగ్గర వంగి ఉన్నాడు.

"అన్నా," అని పిలిచాడు మంగీలాల్, మామూలు గొంతుతోనే.

ఆయన తిరగలేదు.

"ఎబినేజరన్నా."

మూడోసారి కూడా పిలిచాడు. తర్వాత లేచి, "చాందీ, పోదాం పా," అన్నాడు. గ్లాసులో టీ సగం అట్లాగే ఉంది. గుమ్మం దాటుతూ నా వైపు చూసిన చూపులో కోపం లేదు, భయం ఉంది. అది నాకూ అంటుకుంది.

జయరాజ్‌ను ఏదో చెప్పి ఆటోలో పంపించేశాను. పాట ఆపేశాను. కుర్చీ ముందు పీట వేసుకుని, ఆయన ముఖానికి ఎదురుగా కూర్చున్నాను.

"ఎన్ని దినాల సంది?"

దాచలేదు. నేనడగాలనే ఎదురుచూస్తున్నట్టు చెప్పేశాడు. "మాటలు ఇనపడ్తయి హెప్సీ. ఎదురుంగ ఉంటే మంచిగనే ఇనపడ్తయి. సన్న సప్పుడే వస్తలేదు. పోయినేడు సంది చెవులల్ల కీచురాయి లెక్క మోగుతనే ఉన్నది, పండుకున్నా ఇడువది."

"మరి కప్పు ఎట్ల చూస్తున్నవ్?"

ఎడమ అరచెయ్యి చాపి చూపించాడు. "గీ చెయ్యి రాయికి ఆనిచ్చి, గీ చేత్తోని కొడ్త. గట్టిదైతే ఒక తీరుగ తగుల్తది, గుల్లదైతే ఇంకో తీరుగ. చెవీ చెయ్యీ రెండూ వాడాలెనని పాతోళ్ళు నేర్పిన్రు మాకు. నాకు చెవి పోయింది, చెయ్యి ఉన్నది. దానికి ఇంకింత నేర్పుదామనే గీ పెట్టె తెచ్చిన. ఏ దెబ్బ ఏ తీరుగ తగుల్తదో చూసుకుంటున్న."

ఇంతకాలం ఈ మనిషి పాటలు వింటున్నాడనుకున్నాను. చేతికి అక్షరాలు దిద్దిస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది, దానికంటే ముందు కోపమొచ్చింది. ఏడాది పాటు ఈ పదడుగుల ఇంట్లో పక్కనే ఉండి నాకు చెప్పలేదు.

"రేపు దవాఖానకు పోదాం."

"పోతే? చెవులు పోయినయని రాస్తరు. బాయి పైన్నే కూసోపెట్టి, లోపలికి దిగెటోళ్ళకు తలలైట్లు ఇచ్చే పని ఇస్తరు."

"ఇయ్యనీ."

"నీకు తెల్వదే." ఆయన గొంతు పెరిగింది. "నేను సాఫ్ అన్ననంటే ఒక్కడు గూడ పైకి చూడడు. తలకాయ వంచుకొని లోపలికి పోతరు. గంత నమ్మకం నేనంటే. అది ఇడిసిపెట్టి లైట్లు తుడుచుకుంట కూసోవాల్నా?"

"గందుకేనయ్యా నాకు భయం. ఒక్కడు గూడ పైకి చూడడు."

"గిప్పటిదాంక తప్పు పోలే."

"తప్పు పోయిన్నాడు వచ్చి చెప్పెటందుకు ఎవలుంటరు?"

వినపడలేదో, వినపడనట్టు ఉన్నాడో నాకు తెలియలేదు. లేచి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పత్తి బోరేల మధ్య ఆ గది ఎప్పుడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది, నాకు ఊపిరాడలేదు. వాకిట్లోకి పోయాను, వచ్చాను, మళ్ళీ పోయాను. గోడ అవతల మంగీలాల్, చాంది వాళ్ళ భాషలో తగ్గుగొంతుతో వాదించుకుంటున్నారు. ఏమనుకుంటున్నారో వాళ్ళ భాష రాకపోయినా తెలిసింది.

పొద్దున్నే మామూలుగానే లేచి, మామూలుగానే బూట్లు బయట పెట్టుకున్నాడు. నేను క్యారేజీ కట్టలేదు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టనే లేదు. ఆయన ఖాళీ పొయ్యి చూసి, నన్ను చూసి, చొక్కా వేసుకున్నాడు. ఆకలితో పోతాడు గానీ ఆగడు. రోజూ బండి దగ్గర నిలబడి హారన్ కొట్టే మంగీలాల్ ఆ రోజు హారన్ కొట్టకుండా లోపలికే వచ్చాడు. ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడి, నోరు కదలడం కనపడేలా నిదానంగా మాట్లాడాడు.

"అన్నా, నిన్న నీ ఎనక నుంచి మూడుసార్లు పిలిచిన."

చొక్కా గుండీలు పెట్టుకుంటున్న ఎబినేజర్ చేతులు ఆగాయి.

"నమ్మకం పోయిందన్నట్టు."

"నాకు పిల్లగాడున్నడన్నా," అన్నాడు మంగీలాల్. "నువ్వంటే నాకు దేవునితోని సమానం. కాని పిల్లగాడున్నడు."

"సరే. గా దొడ్లకెళ్ళి గడ్డపార తే. నీ చేత్తోనే చూసుకో."

మా క్వార్టరు గోడ పాతది. వానలకు సున్నం ఉబ్బి అక్కడక్కడా గుల్ల పడింది, పైకి చూస్తే తెలియదు. ఎబినేజర్ గోడ వైపు తిరిగి, ఎడమ అరచెయ్యి గోడకు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. చాంది వచ్చి మా గుమ్మంలో నిలబడింది. నేను తలుపు పట్టుకున్నాను.

"కొట్టు," అన్నాడు.

మంగీలాల్ గోడ మీద మూరెడు దూరంలో కొట్టాడు.

"గట్టి."

నిజమే. తర్వాత కిటికీ పక్కన కొట్టాడు. నాకే వినపడింది, బొదబొదమంది.

"గుల్ల."

అదీ నిజమే. ఇంకోటి కొట్టాడు. గట్టి. కింద, నేల దగ్గర కొట్టాడు. గుల్ల. ఒక్కటీ తప్పలేదు. నా ప్రాణం లేచి వచ్చింది. అయ్యో, ఈ మనిషి నిజంగానే చేత్తో వింటున్నాడు, నేనే అనవసరంగా పొయ్యి ఆర్పుకుని కూర్చున్నాను అనుకున్నాను. చాంది ముఖం కూడా విచ్చుకుంది. ఎబినేజర్ కళ్ళు మూసుకునే నవ్వుతున్నాడు, భుజాలు తేలికపడ్డాయి.

"చూసినవా? కొట్టు, ఇంకోటి కొట్టు. భయపడకు."

మంగీలాల్ గడ్డపార ఎత్తాడు. కిటికీ పక్కన, ఇందాకటి గుల్ల చోటు దగ్గరికే తెచ్చాడు. గోడకు జానెడు దూరంలో ఆపేశాడు. కొట్టలేదు. నా వైపు చూశాడు. ఎందుకాపాడో నాకు అర్థమైంది, అరవాలనిపించింది, అరవలేదు. వీధిలో ఏ బండీ పోవడం లేదు.

"గట్టి," అన్నాడు ఎబినేజర్.

మేమెవరం కదల్లేదు. ఆయన ఇంకొంచెం చెయ్యి ఒత్తి పెట్టి, తృప్తిగా తల ఊపి, బాయిలో వేసే కేకే వేశాడు.

"సాఫ్! రండ్రి లోపలికి."

కళ్ళు తెరిచి తిరిగాడు. గాలిలో ఆగి ఉన్న గడ్డపార మొన చూశాడు. మంగీలాల్ ముఖం చూశాడు. వాడి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"కొట్టినవా?" అని అడిగాడు.

"కొట్టలే అన్నా," అన్నాడు మంగీలాల్. గొంతులోంచి గాలే వచ్చింది. అది ఆయనకు అందలేదు. నా వైపు తిరిగాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో నేనేం చెబుతానా అని అంత ఆశగా ఆయన నా ముఖం వైపు ఎప్పుడూ చూడలేదు. నోరున్నదాన్నని పేరు నాకు. ఆ ఒక్క మాట అనడానికి నా నోరు రాలేదు. కానీ ఇంకెవరు అంటారు?

"కొట్టలేదయ్యా," అన్నాను. "కొట్టనేలేదు." వాడకంతా వినపడేటట్టు అన్నాను.

కూలబడతాడనుకున్నాను. లేదా నా మీద విరుచుకుపడతాడనుకున్నాను. రెండూ చెయ్యలేదు. ఒక్కసారిగా మంగీలాల్ భుజం పట్టుకుని ఊపాడు.

"నిన్న నేను షిఫ్టు దిగేముందు ఎడమ దిక్కు కొత్త జాగ చూసి వచ్చిన. చేతికి ఏం తాకకుంటే గట్టిదే అనుకొని గిట్లనే సాఫ్ అన్న. గాడికి ఇయ్యాల ఎవలు పోతరు?"

"మనోళ్ళే అన్నా. ఈపాటికి మస్టర్ పడుతుంటరు, ఇగ దిగుడే."

"బండి తియ్యి."

బూట్లు వేసుకోలేదు. ఉత్తకాళ్ళతో పోయి, ఎప్పుడూ తానే నడిపే బండికి వెనక ఎక్కి కూర్చున్నాడు. మంగీలాల్ చేతిలో గడ్డపార వాకిట్లో పడేసి కిక్ కొట్టాడు.

"షిఫ్టు నడిపే సర్దార్‌కు నేనే చెప్త. చెవులు పోయినయని నేనే చెప్త. గా కప్పు కిందికి ఒక్కన్ని పోనియ్యొద్దు. జల్దీ పోనియ్యి రా, జల్దీ!"

వినపడని వాళ్ళు అరిచినట్టే అరుస్తున్నాడు. ఏడాదిగా ఎవరికీ తెలియకూడదని దాచిన మాటకు వరసలో ప్రతి తలుపూ తెరుచుకుంది. బండి మలుపు తిరిగాక కూడా, జల్దీ, జల్దీ అన్న ఆయన గొంతు నాకు వినపడుతూనే ఉంది. చాంది వచ్చి నా చెయ్యి పట్టుకుంది. వాళ్ళు తిరిగి వచ్చేదాకా ఇద్దరం ఆ వాకిట్లోంచి కదల్లేదు.